నెలకే విచ్చుకుపోయే బ్రష్షు, ఏడాదైనా చెక్కుచెదరని బ్రష్షు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీరూ మీ వారూ ఒకే రకం బ్రష్షులు ఒకే రోజు మొదలుపెట్టారు. మీది నెల తిరగకుండానే పాత చీపురులా విచ్చుకుపోయింది. ఆయనది ఏడాది దాటినా కొత్తదానిలా ఉంది. 'వస్తువును జాగ్రత్తగా వాడడం ఆయనకు తెలుసు, నీకు తెలియదు' అని ఇంట్లో అంటున్నారు. దీనితో పాటు నాలుగు సందేహాలు అడిగారు. బ్రష్షును ఎన్నాళ్ళకు మార్చాలి, వేడినీళ్ళలో మరిగించాలా, జ్వరం తగ్గాక పారేయాలా, ఇంటిల్లిపాది బ్రష్షులూ స్నానాలగదిలో ఒకే గ్లాసులో ఉండవచ్చా అని. చిన్నతనమంతా మునుగోడు వైపు గడిచిందనీ, పళ్ళ మీది పసుపు మచ్చలు పోవాలని కాస్త గట్టిగానే తోముతాననీ చివర్లో ఒక మాట కలిపారు. అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా అదే.

నేను నల్గొండలో 28 ఏళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళను రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న బ్రష్షును కూడా తెమ్మంటాను. కొందరు సిగ్గుపడి దారిలో కొత్తది కొనుక్కుని వస్తారు. నాకు కావలసింది పాతదే. కుచ్చు ఏ పక్కకు ఒరిగింది, అంచుల్లో అరిగిందా మధ్యలో అరిగిందా, అడుగున ఏం పేరుకుంది అన్నది చూస్తే ఆ మనిషి చెయ్యి నోట్లో ఎలా తిరుగుతోందో సగం తెలిసిపోతుంది. చెప్పు అరిగిన తీరు చూసి నడక చెప్పినట్టే ఇదీ. అందుకని మీరు రాసిన రెండు బ్రష్షుల గురించి విడివిడిగా చెబుతాను. రెండింటిలో ఏదీ నాకు నచ్చలేదు.

ముందు మీది. నైలాను పోగులు అంత తేలిగ్గా వంగిపోవు. మెత్తటి బ్రష్షును రోజూ రెండుపూటలా, తగిన ఒత్తిడితో వాడితే మూడు నెలల దాకా పోగులు దాదాపు నిటారుగానే నిలుస్తాయి. నెలలోపే బయటికి విచ్చుకున్నాయంటే మీరు వాటిని పళ్ళకేసి అదిమి తోముతున్నారని అర్థం. బ్రష్షే నాసిరకమేమో అన్న అనుమానం అక్కర్లేదు. అదే రకం మీ వారి దగ్గర ఏడాదిగా నిలిచింది కదా.

బ్రష్షు పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. నా దిగులు చిగుళ్ళ గురించి. పన్ను పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లో ఎముక కంటే కూడా గట్టి పదార్థం. కానీ చిగురు దగ్గరికి వచ్చేసరికి ఆ పొర పలచబడుతుంది. చిగురు కింద దాగి ఉండే వేరు మీద ఎనామిల్ అసలే ఉండదు. ఏళ్ళ తరబడి గట్టిగా, అడ్డంగా రుద్దేవాళ్ళకు మొదట చిగురు వెనక్కి జరిగి వేరు బయటపడుతుంది. ఆ మెత్తటి వేరును బ్రష్షూ, పేస్టులోని గరుకు రేణువులూ కలిసి రోజూ అరగదీస్తాయి. చివరికి చెట్టు మొదట్లో గొడ్డలితో చిన్న నరుకు పెట్టినట్టు పన్ను మెడ దగ్గర గాడి పడుతుంది. చల్లటి నీళ్ళు తాగినా, మామిడికాయ ముక్క కొరికినా పన్ను జివ్వుమంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో ఈ గాడులు ఎడమవైపు ఎక్కువగా కనిపిస్తాయి. కోరపన్ను, దాని వెనకనున్న రెండు పళ్ళ దగ్గర మరీను. చెయ్యి బలంగా పడేది అక్కడే. ఈ రాత్రి చెయ్యి శుభ్రంగా కడుక్కుని ఎడమవైపు ఆ పళ్ళ మీద గోరుతో చిగురు వైపు మెల్లగా తడిమి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఈ నెలలోనే దంతవైద్యుల దగ్గరికి వెళ్ళండి. అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. జరిగిన చిగురు దానంతట అది మళ్ళీ కిందికి రాదు. అయితే చెయ్యి తేలిక చేసుకుంటే చాలావరకు అక్కడితో ఆపవచ్చు. పడిన గాడిని పూడ్చడానికి పన్ను రంగు సిమెంట్లు ఉన్నాయి.

ఇక ఆ పసుపు మచ్చలు. మీరు పుట్టి పెరిగిన ప్రాంతం చెప్పారు కాబట్టి, చూడకుండానే నా అనుమానం చెబుతున్నాను. అవి పాచి వల్ల వచ్చినవి కాకపోవచ్చు, నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలు కావచ్చు. నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మన జిల్లా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్ళు ఉన్నాయి. ఇది కొత్తగా వచ్చిన కష్టం కూడా కాదు. తరవాత ప్రకాశం జిల్లాలో కలిసిన కొంత ప్రాంతం నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజుల్లో, 1937లోనే అక్కడి ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాశారు. ఎదిగే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, పన్ను ఇంకా దవడ లోపలే తయారవుతున్నప్పుడు ఆ నీళ్ళు తాగితే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పుడే సుద్దలాంటి తెల్లటి చారలతో వస్తుంది. కాలక్రమంలో అవి పసుపు, గోధుమ రంగులోకి తిరుగుతాయి. ఆ మచ్చ పన్ను పైన అంటుకున్నది కాదు, ఎనామిల్‌లోనే ఉన్నది. ఏ బ్రష్షూ దాన్ని తీయలేదు. ఇంకా గట్టిగా తోమితే మచ్చ అలాగే ఉంటుంది, చిగురు మాత్రం పోతుంది.

మా జిల్లాలో ఈ పొరపాటు వల్ల నష్టపోయినవాళ్ళను వందల్లో చూశాను. పెళ్ళిచూపుల నాటికి పళ్ళు తెల్లబడాలని ఇటుక పొడితో, బొగ్గు పొడితో, గట్టి బ్రష్షుతో పూటకు పావుగంట తోముకున్న అమ్మాయిలు నా దగ్గరికి వచ్చేవారు. మచ్చలు పోలేదు, పాతికేళ్ళకే పళ్ళ వేళ్ళు బయటపడ్డాయి. ఆ బాధ నాకు బాగా తెలుసు. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. మచ్చ లోతును బట్టి దంతవైద్యులు పైపొరను సున్నితంగా సానపట్టడమో, బ్లీచింగో, పన్ను రంగు పూతో చేస్తారు. అది వాళ్ళ పని, బ్రష్షుకు అప్పగించకండి. ఫ్లోరైడు పేస్టు వాడితే మచ్చలు పెరుగుతాయేమో అని కూడా భయపడవద్దు. పెద్దవాళ్ళ పళ్ళు ఇప్పటికే తయారైపోయాయి. పేస్టును ఉమ్మేస్తాం కాబట్టి కొత్తగా మచ్చలు రావు. జాగ్రత్త అవసరమైనది చిన్నపిల్లల విషయంలో. దాని గురించి తరవాత చెబుతాను.

ఇప్పుడు మీ వారి బ్రష్షు. ఏడాదిపాటు రోజూ రెండుపూటలా, పూటకు రెండు నిమిషాలు నోట్లో తిరిగిన బ్రష్షు కొత్తదానిలా ఉండే అవకాశం లేదు. అలా ఉందంటే మూడింటిలో ఒకటి జరుగుతూ ఉండాలి. ఒంటిపూటే తోముతున్నారు. లేదా ఇరవై సెకన్లలో ముగిస్తున్నారు. లేదా ముందు పళ్ళ మీద తిప్పి వదిలేస్తున్నారు. దయచేసి దీన్ని ఆయనతో గొడవకు వాడుకోకండి, ప్రేమగా చెప్పండి. ఆయన బ్రష్షును వెలుతురులో పెట్టి కుచ్చు అడుగున చూడండి. పోగులు నాటిన రంధ్రాల చుట్టూ గట్టిపడిన పేస్టు, బోరునీళ్ళ ఉప్పు, నల్లటి బూజు మచ్చలు కనిపించవచ్చు. పైకి నిటారుగా ఉన్నా నైలాను పోగు తడుస్తూ, ఆరుతూ, వంగుతూ, లేస్తూ ఏడాదికి తన బిగువు కోల్పోతుంది. తాకితే మళ్ళీ లేచి నిలిచే గుణం తగ్గిన పోగు పాచిని తోసుకుంటూ పోలేదు. దాని మీద జారిపోతుంది.

పాచి అన్న మాటను మనం నిద్రలేచాక నోట్లో ఉండే వాసనకు వాడుతుంటాం. నిజానికి అది సూక్ష్మజీవులు జిగురులాంటి పదార్థంలో కూడి పన్ను మీద కట్టుకున్న పొర. నీళ్ళు పుక్కిలిస్తే పోదు. రాపిడి ఒక్కటే దాన్ని వదిలిస్తుంది. వదిలించకపోతే లాలాజలంలోని సున్నం చేరి కొన్ని రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. గార పట్టాక ఇంట్లో బ్రష్షు చేయగలిగింది ఏమీ లేదు, దాన్ని వైద్యులే తీయాలి. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోట్ల, అంటే కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడపళ్ళ బుగ్గవైపు గార ముందుగా పడుతుంది. మీ వారిని నాలుకతో కింది ముందు పళ్ళ వెనక తడిమి చూసుకోమనండి. నున్నగా ఉండాల్సిన చోట గరుకుగా, గట్టుగా తగిలితే నా ఊహ నిజమే.

చిగుళ్ళకు ఎంత త్వరగా దెబ్బ తగులుతుందో, ఎంత త్వరగా కోలుకుంటాయో తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లోయె అనే దంతవైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం తిరిగేసరికి మామూలయ్యాయి. ఈ విషయం మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. తోమితే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని ఆ చోటును వదిలేసేవాళ్ళు చాలామంది. చేయాల్సింది దానికి పూర్తిగా విరుద్ధం. రక్తం వస్తున్న చోట పాచి ఉంది కాబట్టి అక్కడ మెత్తగా, ఓపికగా ఇంకాస్త ఎక్కువసేపు తోమాలి. వారం పది రోజుల్లో తగ్గకపోతే వైద్యులకు చూపించాలి.

ఎలా తోమాలి అన్నది అడగలేదు గానీ, మీ బ్రష్షు నెలకే పోతోంది కాబట్టి అది చెప్పకుండా మిగతాది చెప్పి ప్రయోజనం లేదు. చార్లెస్ బాస్ అని అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరంలోని టులేన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు డీన్‌గా పనిచేసిన వైద్యుడు ఉండేవారు. దంతవైద్యుడు కాదు. 1940లో పదవి నుంచి తప్పుకున్నాక, పళ్ళు తోముకునే పద్ధతి మీద ఏళ్ళ తరబడి పరిశీలించారు. పోగు మందం అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు భాగాలు, అంటే దాదాపు 0.18 మిల్లీమీటర్లు ఉండాలనీ, కొన గుండ్రంగా ఉండాలనీ, బ్రష్షును చిగురూ పన్నూ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలులో ఆనించి చిన్నచిన్నగా కదిలించాలనీ తేల్చారు. ఈ రోజు మనం మెత్తటి బ్రష్షు అని కొంటున్నది, మేము నేర్పుతున్న పద్ధతి చాలావరకు ఆయన చూపినవే.

దాన్ని మన ఇంటి భాషలో చెబుతాను. బ్రష్షును గుప్పిట్లో కర్రలా పట్టుకోకండి, కలంలా మూడు వేళ్ళతో పట్టుకోండి. పట్టు మారితేనే సగం ఒత్తిడి తగ్గిపోతుంది. పోగుల కొనలు చిగురు అంచును తాకేలా వాల్చి, రెండేసి పళ్ళ దగ్గర ఆపి, కొనలు ఉన్నచోటే ఉండి కదిలేంత చిన్నగా పది పన్నెండుసార్లు కదిలించండి. తరవాత పన్ను కొన వైపు తుడిచినట్టు తిప్పి పక్కకు జరగండి. పోగులు వంగకూడదు. వంగాయంటే కొనలు పని చేయడం మానేసి పక్కలు రుద్దుతున్నాయని అర్థం. ఎంత ఒత్తాలో తెలియాలంటే వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే దాని మీద బ్రష్షును ఆనించి చూడండి. 150 నుంచి 200 గ్రాములు చూపించేంత చాలు. నా దగ్గర కాటా మీద నొక్కి చూపించమంటే అర కిలో పైన నొక్కినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ అంకె చూశాక వాళ్ళ ముఖంలో వచ్చే మార్పు, నేను గంటసేపు చెప్పినా రాదు.

ఇక మార్చడం. మూడు నుంచి నాలుగు నెలలకు ఒకసారి, పోగులు విచ్చుకుంటే అంతకు ముందే మార్చాలి. ప్రపంచమంతా దంతవైద్యులు చెప్పేది ఇదే. రెండింటిలో విచ్చుకోవడమే పెద్ద గుర్తు. బ్రష్షును వెనకవైపు నుంచి చూడండి. ప్లాస్టిక్ తల అంచును దాటి పోగులు బయటికి కనిపిస్తే దాని పని అయిపోయింది, వయసు ఎంతైనా సరే. కొన్ని బ్రష్షులకు నీలం రంగు పోగులు ఉంటాయి. ఆ రంగు సగం దాకా వెలిసిపోయినా మార్చవచ్చు. విద్యుత్ బ్రష్షు వాడేవాళ్ళు తల భాగాన్ని ఇదే లెక్కన మార్చుకోవాలి. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకైతే తీగలకు తట్టుకుని ఇంకా ముందే పోతుంది.

ఎప్పుడు కొన్నామో గుర్తుండదని చాలామంది అంటారు. మా ఇంట్లో 20 ఏళ్ళుగా పాటిస్తున్న లెక్క ఒకటి చెబుతాను. సంక్రాంతికి, ఉగాదికి, తొలి ఏకాదశికి, దసరాకు ఇంటిల్లిపాదికీ కొత్త బ్రష్షులు. నాలుగింటి మధ్యా రమారమి మూడేసి నెలలు వస్తాయి. పండక్కి ఇల్లు దులిపినప్పుడే పాతవి తీసేస్తాం. ఒక్కొక్కటి ముప్ఫై నలభై రూపాయలు. ఏడాదికి మనిషికి నాలుగు బ్రష్షుల ఖర్చు ఒక్క పన్నుకు సిమెంటు పెట్టించుకునే ఖర్చులో ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి.

మా నాయనమ్మ వేపపుల్లతోనే తోముకునేది. రోజూ పొద్దున కొత్త పుల్ల విరిచేది, కొన నమిలి కుచ్చు చేసుకునేది, తోమాక రెండుగా చీల్చి నాలుక గీసుకుని పారేసేది. ఆ అలవాటులో నాకు బాగా నచ్చేది ఇదే. నిన్నటి పుల్ల ఈ రోజు నోట్లో పెట్టుకోవడం ఆమె ఊహకు కూడా అందదు. బ్రష్షు వచ్చాక మనం ఆ పట్టింపును వదిలేశాం. వేపపుల్ల ఇప్పటికీ వాడేవాళ్ళను నేను మానమనను. కొనను బాగా మెత్తగా నమలమని, అడ్డంగా రుద్దవద్దని, రాత్రిపూట ఫ్లోరైడు పేస్టుతో ఒకసారి తోమమని మాత్రం అడుగుతాను. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు మాత్రం వద్దే వద్దు. బొగ్గు కలిపిన పేస్టులు ఇప్పుడు అందమైన పెట్టెల్లో వస్తున్నాయి. పళ్ళు నల్లపొడితో తెల్లబడినట్టు కనిపించడం పైపొర మరక పోవడం వల్లే. రోజూ వాడితే ఎనామిల్ కూడా అరిగే ప్రమాదం ఉంది.

మరిగించడం గురించి. వద్దు. నైలాను వేడికి మెత్తబడి ఆకారం పోగొట్టుకుంటుంది. మరిగే నీళ్ళలో వేసి తీసిన బ్రష్షు పోగులు ఎటు పడితే అటు ఒరిగి ఉంటాయి, ఒక్కరోజులో దాని ఆయుష్షు నెలలు తగ్గిపోతుంది. మైక్రోవేవ్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం. బ్రష్షు మీద సూక్ష్మజీవులు ఉంటాయన్నది నిజమే. అవి చాలావరకు మీ నోట్లోనివే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు తమ బ్రష్షు మీది సూక్ష్మజీవుల వల్ల జబ్బు చేసిందన్న ఆధారం లేదు. తోమాక పారే నీళ్ళ కింద పోగులను వేలితో విడదీస్తూ కుచ్చు అడుగు దాకా కడగండి, రెండుసార్లు గట్టిగా విదిలించండి, తల పైకి ఉండేలా నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. ఇంతకు మించి అక్కర్లేదు. తడి ఆరడమే అసలు శుభ్రత. ఇంట్లో ప్లాస్టిక్ మూత తొడిగి ఉంచితే లోపల చెమ్మ నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూత ప్రయాణానికే. అది కూడా చిల్లులు ఉన్నది తీసుకుని, ఊరు చేరగానే తీసి ఆరబెట్టండి.

పొద్దున తోమినది రాత్రికల్లా ఆరిపోవాలి. వానాకాలంలో, కిటికీ లేని స్నానాలగదిలో ఆరదు. అలాంటప్పుడు ఒక్కొక్కరికి రెండు బ్రష్షులు పెట్టుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడడం మంచిది. విశాఖలో కాపురం ఉంటున్న మా చెల్లెలు సముద్రపు చెమ్మకు ఆ పద్ధతే పాటిస్తుంది.

జ్వరం, జలుబు తగ్గాక బ్రష్షు పారేయాలా? మీకు వచ్చి తగ్గిన జలుబు వైరస్‌ను మీ ఒళ్ళు అప్పటికే గుర్తుపట్టి ఉంటుంది. సొంత బ్రష్షు వల్ల అదే జలుబు మళ్ళీ తిరగబెట్టే అవకాశం చాలా తక్కువ. మనసుకు ఇబ్బందిగా ఉంటే మార్చుకోండి, తప్పులేదు. అసలు జాగ్రత్త జబ్బుగా ఉన్న రోజుల్లో కావాలి. ఆ బ్రష్షు పక్కవాళ్ళ బ్రష్షుకు తగలకుండా విడిగా పెట్టాలి. పేస్టు ట్యూబు మూతిని అందరూ తమ బ్రష్షుకు ఆనించి రాసుకుంటారు. అది కూడా ఆ రోజుల్లో మానాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు అతి మెత్తటి బ్రష్షు కావాలి, ఇంకా తరచుగా మార్చాలి, ఎలా శుభ్రం చేయాలో వాళ్ళ వైద్యులను అడిగి చేయాలి.

ఒకే గ్లాసులో అందరి బ్రష్షులూ అన్నారు. కుచ్చులు ఒకదానికొకటి తగలకుండా గళ్ళు ఉన్న స్టాండు కొనండి. స్టాండు అడుగున చేరే నీళ్ళను వారానికోసారి పారబోసి కడగండి. స్నానాలగదిలోనే మరుగుదొడ్డి కూడా ఉంటే నీళ్ళు వదిలినప్పుడు కంటికి కనిపించని తుంపరలు లేస్తాయి. మూత వేసి నీళ్ళు వదలండి, బ్రష్షులను వీలైనంత దూరంగా, ఎత్తున పెట్టండి. వీలుంటే బయట వాష్‌బేసిన్ దగ్గర పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. కాకపోతే బల్లులూ బొద్దింకలూ తిరగని చోటు చూసుకోవాలి.

ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడడం గురించి మీరు అడగలేదు. అయినా చెప్పాలి. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు, బ్రష్షు మరిచిపోయినప్పుడు 'మనవాళ్ళదే కదా' అని కడిగి వాడేయడం నేను చూశాను. తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి కంటికి కనిపించనంత రక్తం బ్రష్షుకు అంటుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. భార్యాభర్తలైనా, తల్లీపిల్లలైనా బ్రష్షు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒక పూటకు వేలితో పేస్టు రాసుకుని తోముకుంటే ఏమీ కాదు.

పిల్లల మాట చెబుతానన్నాను. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్షుతో తోమాలి. మూడేళ్ళలోపు పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో కుచ్చు పొడవునా వేసి చూపించేది చూసి మోసపోకండి. మన ఫ్లోరైడు ఊళ్ళలో ఈ కొలత మరీ ముఖ్యం. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నా, బోరునీళ్ళు తాగే ఇళ్ళు ఏవైనా మిగిలి ఉంటే ఆ పిల్లల పేస్టు గురించి దంతవైద్యులను అడిగే నిర్ణయించుకోవాలి. పిల్లలు ఉమ్మడం నేర్చుకునే దాకా పక్కనే ఉండాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చే దాకా వాళ్ళు తోముకున్నాక పెద్దవాళ్ళు ఒకసారి తోమాలి. బూటు లేసు సొంతంగా కట్టుకోలేని చేతికి దవడపన్ను వెనక భాగం తోమడం రాదు. పిల్లలు పోగులు నములుతారు, వాళ్ళ బ్రష్షు రెండు నెలలకే పోతుంది. మీకు నెలకే పోతే చెయ్యి బరువని చెప్పాను. వాళ్ళ విషయంలో అది మామూలే, తిట్టకండి.

మీ అత్తగారికి మధుమేహం ఉందని రాశారు. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు పెరుగుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. ఆవిడ బ్రష్షు మెత్తనిదై ఉండాలి, మూడు నెలలు దాటకూడదు. చేతులు వణుకుతుంటే పిడి సన్నగా ఉన్న బ్రష్షు పట్టు దొరకదు. పిడికి పాత సైకిలు హ్యాండిల్ తొడుగు తొడిగితే చక్కగా దొరుకుతుంది. కట్టుడు పళ్ళు ఉంటే వాటికి వేరే బ్రష్షు, పేస్టుకు బదులు సబ్బు వాడండి. రాత్రి నీళ్ళలో ఉంచండి.

రాత్రి తోమాక నోరు నీళ్ళతో పుక్కిలించకుండా ఉమ్మేసి వదిలేయమని ఇద్దరికీ చెబుతున్నాను. పేస్టులోని ఫ్లోరైడు కాసేపు పళ్ళ మీద ఉంటేనే పిప్పిపళ్ళు రాకుండా కాపాడుతుంది. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, తరవాత అలవాటవుతుంది. నిమ్మరసమో, చింతపండు పులుసో తిన్న వెంటనే తోమకండి. పులుపుకు ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగండి.

తీసేసిన బ్రష్షులను చెత్తలో వేసేముందు పిడి మీద గుర్తు పెట్టి వంటింటి స్టవ్ బర్నర్లకో, దువ్వెనలకో, బంగారానికో వాడుకోండి. మా అమ్మ పిడి చివర చిల్లు ఉన్న బ్రష్షులను దాచి లంగా బొందులు ఎక్కించడానికి వాడేది. గుర్తు మాత్రం తప్పనిసరి. హెయిర్ డై వేసుకోవడానికి ఉంచిన బ్రష్షును తెల్లారుజామున చీకట్లో నోట్లో పెట్టుకుని పెదవులు బొబ్బలెక్కి వచ్చిన పెద్దాయనకు నేను చికిత్స చేశాను.

రేపు రెండు కొత్త బ్రష్షులు కొనండి. పెట్టె మీద మెత్తనిది అన్న అర్థంలో సాఫ్ట్ అని ఉండాలి, మీడియం, హార్డ్ ఇద్దరికీ వద్దు. తల చిన్నగా, వెనక దవడపన్ను దాకా వెళ్ళేలా ఉండాలి. పిడి మీద తేదీ రాయండి. మీరు కాటా మీద చెయ్యి సరిచూసుకుని మొదలుపెట్టండి, ఆయన ఫోనులో రెండు నిమిషాలు అలారం పెట్టుకుని మొదలుపెట్టాలి. నెల తరవాత ఇద్దరి బ్రష్షులనూ పక్కపక్కన పెట్టి వెనకవైపు నుంచి ఫోటో తీయండి. దంతవైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ఫోటోతో పాటు ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న రెండు పాత బ్రష్షులనూ సంచిలో వేసుకుని వెళ్ళండి. మీది కడిగి ఆరబెట్టి తీసుకెళ్ళండి, ఆయనది మాత్రం అడుగున పేరుకున్నది గీకకుండా అలాగే తీసుకెళ్ళండి.